గాలికి హాజరుపట్టీ

మా ఊళ్ళో కొండ లేదు, గుట్ట లేదు.
ఒహాయో వాయవ్య మూలన
మా అమ్మ చేతికింద టోర్టియాలా అణిగిపోయిన నేల.
అడ్డేదీ లేదని
గాలి ఎప్పుడూ మా మీదుగానే పోయేది,
పలకరించకుండా.

పోతూ పోతూ ఏదో ఒకటి పట్టుకెళ్ళేది:
టమాటా చేలో అమ్మ తలమీది టోపీ,
సెయింట్ బార్బరా చర్చి కప్పురేకులు రెండు,
ఓ జూన్ రాత్రి హోల్‌కాంప్ వాళ్ళ పశువుల కొట్టం మొత్తం.
తెల్లారి చూస్తే
దూడ మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉంది,
చుట్టూ గోడలు లేవని ఇంకా తెలియక.

నేను డబ్బా మూతలు కొడతాను.
ఇరవై రెండేళ్ళు ఒకే ప్రెస్సు ముందు.
చెవుల్లో సగం దానికే రాసిచ్చాను.
కరెంటు బిల్లు మమ్మల్ని మించిపోయిన ఏడు
మొదటి షిఫ్టులో నలభై మందిని ఇంటికి పంపారు.
మరుసటేడు, ఫ్యాక్టరీ పెరట్లోనే
గాలిమరలు పెడతామన్నారు.
గాలి కబుర్లే అనుకున్నాం.

మొదటి రెక్క వచ్చిన రోజు
రెండో వీధి మలుపులో సిగ్నల్ స్తంభం పీకేశారు.
లారీ తిరగడానికి రెండు గంటలు.
బడిపిల్లలు పక్కనే నడుస్తూ రెక్కను అడుగులతో కొలిచారు,
మధ్యలో లెక్క తప్పి
మళ్ళీ మొదటికి పరిగెత్తారు.
పునాదికి రాత్రంతా కాంక్రీటు పోశారు.
డ్రైవర్లకు కాఫీ అమ్మి మా వదిన
కారుకి కొత్త టైర్లు వేయించుకుంది.

సభలో వెర్న్ హోల్‌కాంప్ లేచాడు.
టోపీ తియ్యలేదు.
"నా పొలం దాటి వచ్చే గాలి అది.
ఎవరినడిగి కోసుకుంటున్నారు?"
హాలంతా నవ్వింది.
కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి నవ్వలేదు,
రాసుకుంది.

జవాబుకు ఎనిమిది నెలలు పట్టింది.
మరకొకరి చొప్పున ఏటా ముగ్గురికి
కాలేజీ ఫీజు.
అక్టోబరు సాయంత్రాల్లో
వెర్న్ వంటింటి గోడమీద రెక్కల నీడ కొట్టుకునే
పదిహేడు నిమిషాలు
మూడో మర ఆపేస్తారు.
అంతే. ఇంకేమీ లేదు ఆ కాగితంలో.

మొదటేడు ఒక ఫీజు మార్లిస్ పిల్లకి వచ్చింది.
వాళ్ళ నాన్న క్లెటస్ ఆ నలభై మందిలో ఒకడు.
ఫంక్షన్‌కి వచ్చాడు గాని లోపలికి రాలేదు,
పార్కింగులో ట్రక్కు ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.
పిల్ల కాగితం తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది.
చదివాడు. మళ్ళీ చదివాడు.
తల ఎత్తి ఆ తెల్లటి కాండం చివరిదాకా చూసి
"నలభైకి మూడు" అన్నాడు.
ఎవరితోనో తెలీదు.
తర్వాత ఇంజను ఆపాడు.

ఆగస్టులో ఒక్కోవారం గాలి ఆడదు.
మొక్కజొన్న ఆకైనా కదలదు.
ప్రెస్సుకి తేడా తెలియదు,
తీగ వెంట ఎక్కణ్ణుంచో వచ్చిన కరెంటు తాగి
అదే చప్పుడు చేస్తుంది.
తేడా మాకే.
బ్రేకులో బయటికొచ్చి అందరం పైకి చూస్తాం.
"ఇవాళా రాలేదా?" అంటాడు ఫోర్‌మన్ ఆస్కర్,
జ్వరమొచ్చిన మనిషి గురించి అడిగినట్టు.
ఇన్నేళ్ళు మా టోపీలు ఎత్తుకుపోయినదాన్ని
ఇప్పుడు కాస్త ఆలస్యమైతే
వాకిట్లో నిలబడి ఎదురుచూస్తున్నాం.

నిరుడు అక్టోబరులో
షిఫ్టుకి వస్తూ చూశాను.
మూడో మర ఆగి ఉంది.
వెర్న్ తన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు,
చేతిలో సగం తిన్న బ్రెడ్డు,
చూపు చేతి గడియారం మీద.
నేను కారు నెమ్మది చేశాను.
పదిహేడో నిమిషానికి
పైన ఏదో మూలిగింది,
ఒక రెక్క కిందికి వాలింది.

అప్పుడు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.