లైన్ క్లియర్

లైన్ అంటే మా నాన్న పోలారావుకి
పదకొండు కేవీ. అంతే.
కంచరపాలెంలో అదే ఉద్యోగం, అదే ఇంటిపేరు:
"లైన్‌మాన్ గారి గుంటలు" అనేవారు మమ్మల్ని.

ఎదురింటి కుర్రాడు అప్పకి లైనేస్తున్నాడని
కుళాయి కాడ లైన్లో ఎవరో గుసగుసలాడితే
భుజాన బిందె దించకుండానే అడిగాడు:
"ఏ ఫీడర్ నుంచి?"
నవ్వలేక అమ్మకి పొలమారింది.

గేటు అవతల కేకే లైన్ మీద
ఇనపరాయి దిగుతుండేది రాత్రంతా.
తాగుడు మానిన మావయ్యని
"లైన్లో పడ్డాడ్రా" అనేవారు.
నా అక్షరాలు మాత్రం లైన్ దాటి దెబ్బలు తినేవి.

స్తంభం ఎక్కే ముందు నాన్న
ఫోన్లో రెండుసార్లు అడిగేవాడు,
తాళం వేసి మళ్ళీ లాగి చూసినట్టు:
"లైన్ క్లియరా? క్లియరేనా?"

తుపాను వెళ్ళిన నాలుగో రాత్రి.
ట్యాంకులో నీళ్ళు లేవు.
ఫోన్లో ఛార్జింగ్ ఒక్క గీత.
సబ్‌స్టేషన్‌కి చేసి అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను:
"ఎప్పుడిస్తారండీ లైను?"
"లైన్లో ఉండండి" అన్నారు.
ఉన్నాను.
లైటొచ్చింది. వీధంతా ఈలలు.

ఎడమచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

ఇప్పుడు ఆదివారాలు హార్బర్ గోడ మీద కూచుంటాడు,
నైలాన్ దారం కుడి చూపుడువేలికి చుట్టుకుని.
దీన్నీ లైనే అంటారని
పక్కన గేలం వేసే ఎర్రయ్య చెప్పాడు.

దారం జిల్లుమన్నప్పుడల్లా ఉలిక్కిపడతాడు.
నావైపు చూస్తాడు.
"లైన్లో పేణం ఉందే" అంటాడు మెల్లగా.

వదలడు.