పొదగని కోళ్లు

సిరోంచ నుంచి అట్టపెట్టెల వచ్చినయి
నలభై రోజుల పిల్లలు, పది.
డాక్టరు మరాఠీల చెప్పిండు:
గుడ్లకూ ఇవే, కూరకూ ఇవే.
అబద్ధం కాదు.
బుచ్చుబాయి తలుపు మీద
బొగ్గుగీతలకు ఇంక జాగ లేదు.

కానీ ఒక్కటి పొదుగుకు కూసోదు.
పెడతది, లేస్తది,
ఎవరి గుడ్డో అన్నట్టు
ఊకపొట్టు గెలుకుతది.

మూలకు ఒంటికన్ను నాటుపెట్ట.
మొన్ననే కోసుకుందామన్నడు మొగడు.
దాని కింద పన్నెండు గుడ్లు సర్ది
గంప బోర్లించింది,
ఎవరికీ చెప్పలే.

ఇరవై ఒకటో పొద్దు
ప్రాణహిత మీద మంచు ఇంకా లేవలే,
గంపల కిచకిచ.

నెలన్నరకే తల్లంత పిల్లలు.
గద్ద నీడ పడితే మాత్రం
అన్నీ ఆ రెక్కల కిందికే,
తలలు లోపట,
తోకలన్నీ బయట.

మొగడు కత్తి కడిగి
చూరుల చెక్కిండు.