క్రాస్ బేరింగ్

ఇర్మా కిలాకెయో బండి దిగకముందే చెప్పింది:
"కింద పిట్ట దూరింది."
డెబ్బై నాలుగు మోడల్ ఫోర్డు పికప్పు,
ఎడమ తలుపుకి తాడు, వెనక ఉన్ని బేళ్ళు.
నూట పది కిలోమీటర్ల కంకరరోడ్డు
దుమ్మంతా ఆమె కనుబొమల మీదే ఉంది.

"నడక వేగంలో కిచకిచ,
నలభై దాటితే మానేస్తుంది.
రివర్సు తీసి ముందుకేస్తే
ఎవరో కోపంగా తలుపేసినట్టు ఠక్."

దోన్ ఎల్పిదియో మాతే బుర్ర పక్కన పెట్టి
నన్ను వెనక బేళ్ళ సందులో పడుకోమన్నాడు,
చెవి రేకుకి ఆనించి.
స్టీరింగు తను పట్టాడు.
పటగోనియాలో గాలి ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వదు.
దాన్ని పక్కకి తోసి వినడమే ఇక్కడ సగం పని.

ముందు ఇంజను దగ్గు, అది మామూలే.
ఆయన క్లచ్ తొక్కాడు. దగ్గు సన్నబడింది.
బండి తన బరువుకి తనే దొర్లుతోంది,
కిచ... కిచ... కిచ...
చక్రం ఒక్కసారి తిరిగితే ఇది మూడుసార్లు, ఇంకొంచెం.
అయితే ఇంజనుది కాదు, చక్రానిదీ కాదు.
మధ్యలో ఎవరో,
ఇద్దరి మధ్య మాటలు మోసేవాళ్ళు.

వెనకద్దం మీద కొట్టి అరిచాను: "వినబడుతోందా?"
"ఆఁ, గుర్రుమంటోంది. హౌసింగులో పినియను.
యాక్సిలేటరు వదిలితే అణుగుతోంది చూడు."
"గుర్రు కాదు, కిచకిచ!"
"కిచకిచ లేదు."

పక్కసీట్లో ఇర్మా ఆయన వంక చూసింది,
తర్వాత అద్దంలోంచి నా వంక.
నలభై ఏళ్ళ గ్రైండరు, సుత్తి, రేకుల షెడ్డు
ఆయన చెవుల్లో పైవరస శబ్దాలన్నీ అరగదీసేశాయి.
పిట్టల్ని, కెటిలు ఈలని,
నా గొంతులో సగాన్ని.
సుల్మా, సుల్మా అని నన్ను వందసార్లు కేకేసేవాడు,
నేను ఓయ్ అంటే మాత్రం పలికేవాడు కాదు.
ఏడాదిగా అది పొగరనుకున్నాను.

ఏమీ అనలేదు.
చక్రాలకి రాళ్ళు పెట్టి, న్యూట్రల్ చేసి,
కిందకి దూరి "మీరూ రండి" అని చేత్తో పిలిచాను.
షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే
వెనక క్రాసు దగ్గర వెంట్రుకంత వదులు.
కప్పు అంచున కారప్పొడంత ఎర్రగా తుప్పు:
సూదుల్లాంటి రోలర్లు
గ్రీజు లేక ఒకదాన్నొకటి తిన్న పొడి.
ఆయన చూపుడువేలితో తీసి
నాలిక్కి రాసుకున్నాడు.
"పిట్టే," అన్నాడు.

సుత్తి, పెద్ద సాకెట్టు, వైసు.
క్లిప్పులు రెండు లేచాయి, మూడోది విరిగింది,
నాలుగోదాన్ని తిట్లతో తీశాం.
కొత్త క్రాసు కూర్చోబెట్టి
నాలుగు వైపులా గ్రీజు పొంగేదాకా గన్ను కొట్టాను.
ఇర్మా ఉన్ని మీద నోరు తెరుచుకుని నిద్రపోయింది.

మళ్ళీ ఎక్కాం. నడక వేగం.
ఠక్ లేదు. కిచకిచ లేదు.
పైది పోయాక
అడుగున దాక్కున్నది బయటపడింది,
గుర్‌ర్‌ర్, ఎక్కడో పొట్టలోంచి,
యాక్సిలేటరు వదిలితే అణుగుతూ.
పినియను.
ఆయన అద్దంలో నా మొహం చూసి
మీసం కింద నవ్వాడు.
ఆయనా ఏమీ అనలేదు.

"అది ఇంకో చలికాలం లాగుతుంది, ఆయిలు చూసుకో,"
అని ఇర్మాకి చెప్పాడు.
ఆమె సగం నోట్లు, సగం ఉన్ని ఇచ్చి
తాడు బిగించి వెళ్ళిపోయింది.
దుమ్ము చాలాసేపు నిలబడే ఉంది.

షెడ్డులో ఆయన నాకు వీపు పెట్టి
పాత క్రాసుని గిన్నెలో కిరసనాయిలుతో కడుగుతున్నాడు,
ఎందుకో మరి, పారేసేదే.
పదిహేడో నంబరు స్పానరు కావాలి నాకు.
గొంతు కిందికి దింపి,
లావు చేసి,
పినియనులా పిలిచాను.

పలికాడు.