నీటి గుర్తు

రాజోలు సెంటర్లో, సామిల్లు పక్క సందులో
మా ఫ్లెక్సీ షాపు.
చదరపు అడుగు తొమ్మిది రూపాయలు,
చట్రమూ మేకులూ వేరు.

ఛైర్మన్‌గారి మనిషి దొండపాటి శేషు
ఫోన్లో బొమ్మ పంపించాడు:
నడుంలోతు వరదలో ఛైర్మన్‌గారు,
భుజం మీద బియ్యం మూట,
వెనక పడవ, పడవలో మేక.
మేక ముఖంలో కూడా ఆయనంటే గౌరవమే.

"ఏఐ చేసిచ్చింది, నిమిషం పట్టలేదు.
ఆ కింద మూల మెరుపుచుక్క ఉంది చూడు,
అది పీకెయ్. ఎనిమిది బై పన్నెండు.
సాయంత్రానికి కట్టాలి."

పీకడం కష్టమేం కాదు.
పక్కనున్న నీళ్ళు కాసిని తెచ్చి
చుక్క మీద పోస్తే సరి.
అల తెగినచోట ఇంకో అల అతికించి,
దగ్గరికి లాగి చూసి, దూరం జరిపి చూసి,
కంట్లో నలుసు ఊదేసినట్టు
అయిపోయింది.
తప్పా ఒప్పా అని కూర్చోలేదు.
షాపు అద్దె మూడు వేలు.
బిల్లులో ఇరవై ఎక్కువేసి
'డిజైన్ ఖర్చు' అని రాశాను.

నీటి గుర్తంటే మా ఇంట్లో వేరే.
లంకలో, వంటింటి గోడ మీద,
మా నాన్న భుజమెత్తున ఒక గీత.
ఎనభై ఆరు వరద.
మూడుసార్లు సున్నం కొట్టాం, ఓసారి రంగేశాం.
శ్రావణం వచ్చి చెమ్మ పట్టిందా
లోపల్నుంచి మళ్ళీ తేలుతుంది.
మా అమ్మ బియ్యం డబ్బా
ఇప్పటికీ దానికి పైనే పెడుతుంది.

కాజ్‌వే మునిగింది కదా,
పడవ దిగే చోటే కట్టారు ఫ్లెక్సీ.
మర్నాడు దిగినవాళ్ళు దిగినట్టే
అక్కడ నిలబడిపోయారు, తడిబట్టల్తో.
సంగాడి నర్సిమూర్తి,
నలభయ్యేళ్ళు తెడ్డేసిన మనిషి,
తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు:
"ఈయనే ఏట్లో దిగాడ్రా?
నీళ్ళు నీలంగా ఉన్నాయ్!"

నిజమే.
ఆగస్టులో గోదారి
ఎప్పుడైనా నీలంగా పారిందా?
గుర్తు నేను తీసేశాను.
నీళ్ళే గుర్తుపట్టించాయి.

శేషు పరిగెత్తుకొచ్చాడు.
"ఎర్రగా మార్చెయ్, అర్జెంటు!"
ఎరుపు పెంచితే రక్తంలా ఉంది.
పసుపు కలిపితే పప్పుచారు.
పుట్టిన్నాటి నుంచీ చూస్తున్న రంగు,
ఒంటికీ బట్టకీ అంటిన రంగు,
తెర మీద ఎంత జరిపినా దొరకలేదు.
టీ కొట్లో గ్లాసడిగి
బండేసుకుని రేవుకెళ్ళి
ముంచి తెచ్చి మానిటర్ పక్కన పెట్టాను,
చూసి కలుపుదామని.

కరెంటు పోయింది.
వచ్చేసరికి దీపాల వేళయింది.
గ్లాసులో పైన తేటనీరు,
అడుగున గోరెడు ఒండ్రు,
గాజు చుట్టూ సన్నటి గీత.

శేషు ఫోను మోగుతూనే ఉంది.
టీ కుర్రాడొచ్చి గ్లాసడిగాడు.
రేపిస్తానన్నాను.