కండ లెక్క

సిత్రల మా క్యాంపు తూకం మిషిను
తొంభై నాలుగు దగ్గర ఆగింది.
లిసమ్మ సిస్టరు రక్తం కాయితం మీద
ఎర్రగీత గీసి
"చావల్ బంద్" అన్నది.

నవ్వొచ్చింది నాకు.
నిద్ర బంద్ అన్నట్టు, గాలి బంద్ అన్నట్టు.
పూటకు రెండు పళ్లాలు కుప్ప పోసుకునేటోన్ని.
పదమూడేండ్లు నన్ను పైపుల మీద నిలబెట్టింది
ఆ మెతుకే గదా!

"పొట్ట పోవాలె, జబ్బలు పోవద్దు" అన్నదామె.
"గుడ్లు తిను, చేపలు తిను, బరువులెత్తు.
ఒట్టిగ కడుపు మాడ్చుకుంటే
కొవ్వుతోటి కండ గూడ పోతది."

గది నాకు చెప్పాల్నా?

పాత కంపెనీ మునిగిన ఏడు
నాలుగు నెలలు జీతాల్లేవు.
గంజిల ఉప్పేసుకొని
ఖుబ్జు ముక్క చాయ్‌ల ముంచుకొని పండుకుంటిమి.
పదకొండు కిలోలు పోయిన.
పొట్ట మాత్రం
అద్దె కట్టని కిరాయిదారు లెక్క కూసున్నది, కదలలే.
పోయింది చేతులే.
కొత్త కంపెనీల మొదటి రోజు
స్పానరు తిప్పబోతే మోచెయ్యి వణికింది.
ఫోర్‌మన్ ఇటు తిరగకముందే
"జరుగు" అని
సాయిలు నా బోల్టు బిగించిండు.

అప్పుడు ఆకలి నన్ను పట్టుకున్నది.
ఇప్పుడు నేనే ఆకలిని పట్టుకొచ్చి
క్యాలెండర్ మీద దినం దినం రాస్తున్న.
కడుపుల రెండూ ఒక్క తీరుగనే గుర్రుమంటయి.

చిత్రమేందంటే
తక్కువ తినుడుకే ఎక్కువ పైసలు.
మెస్సుల బియ్యానికి అందరితోటి సమానంగ కడుత,
మళ్ల నా గుడ్లు నేను కొనుక్కుంట.
ముప్పై గుడ్ల అట్ట మంచం కింద పెడితే
ముత్తెన్న వంగి చూసిండు:
"కోళ్లఫారం పెట్టినవా లింబాద్రి?"

రెండు పాలపొడి డబ్బాలల్ల సిమెంటు పోసి
నడుమ తుక్కు పైపు ముక్క దిగేసిన.
రాత్రి డ్యూటీ దిగినంక
బాత్రూముల వెనక, బల్బు కింద
పదిహేను సార్లు లేపుడు, దించుడు.
పొద్దంత పైపులు మోసి మళ్ల పైపేనా
అని నవ్విన్రు పోరగాళ్లు.
పొద్దంత మోసేది కంపెనీది.
గిది నాది.

మొదటి వారం తల తిరిగింది, నోరు చేదయ్యింది.
మాటకు ముందే కోపం.
"ఒళ్లు కొవ్వెక్కిందా?" అన్నడు ముత్తెన్న.
"దించుతనే ఉన్న" అన్న.
ఇద్దరం నవ్వినం, కొట్లాట మర్శిపోయి.

కష్టం గుడ్లతోటి గాదు.
సాయంత్రం కుక్కరు మూత తీసినప్పుడు
ఆవిరి పై మంచం దాక ఎక్కుతదే, అదీ కష్టం.
శుక్రవారం సాఫీ చేపలు తెచ్చి
కారం పట్టించి పెనం మీద కాల్చుకుంట.
కమ్మగనే ఉంటది.
అయినా వేళ్లు పళ్లెమంతా దేవులాడుతయి,
ముద్ద కలపకుంటే
వాటికి ఏం చెయ్యాల్నో తెల్వది.

ఫోన్ల లసుమ అడుగుతది:
"అన్నం తిన్నవా?"
"నాలుగు గుడ్లు, ఒక చేప, పాలకూర తిన్న."
జర సేపు ఏం మాట్లాడది.
"మరి అన్నం?"

ఇరవై రోజులకోపారి ఓడిపోయిన గూడ.
అర్ధరాత్రి లేచి, లైటేయకుంట,
గిన్నె అడుగున మాడు గీక్కొని తిన్న.
క్యాలెండర్ మీద ఆ గడి ఖాళీ.
సిస్టరుకు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

నాలుగో నెల మిషిను ఎనభై ఆరన్నది.
సిస్టరు దర్జీ టేపు తీసి
నడుము కొలిచింది, జబ్బ కొలిచింది,
పాత కాయితం పక్కన పెట్టి చూసింది.
నడుము మూడించులు తగ్గింది.
జబ్బ అంతే ఉన్నది.
ఆ అంకె మీద ఏం గీత గీయలే.

తెల్లారి హార్నెస్ తొడిగితే వదులైంది.
పట్టీ రెండు బొక్కలు లోపలికి గుంజిన.
పైన ఏడో అంతరువు, కింద తెల్లగ కాగుతున్న సముద్రం.
ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టు ఒకటి
సాయిలు ఎంత గుంజినా తిరుగుతలేదు.

"జరుగు" అన్న.