మడమ మాట

పొద్దున్నే మంచం దిగడమంటే
గాజుపెంకు మీద కాలు పెట్టడం.
రెండో అడుగుకి పెంకు కాస్త మొద్దుబారుతుంది,
పదో అడుగుకి వంటగది వస్తుంది,
కాఫీ పొంగేసరికి
నొప్పి పక్కింటివాళ్లదేమో అన్నట్టుంటుంది.
అందుకే తగ్గిందని నమ్మాను.
తొమ్మిది వారాలు, ప్రతి పొద్దునా, నమ్మాను.

నలభై ఆరేళ్లకి పరుగు మొదలెట్టాను.
ఎందుకని ఫ్యాక్టరీలో అందరూ అడిగారు.
ఈ అవెయిరో ఊళ్లో టైల్స్ కాల్చే బట్టీ ముందు
ఇరవై రెండేళ్లుగా నిలబడే ఉన్నాను,
నాకు కాళ్లున్నాయన్న సంగతి
ఒక్క షిఫ్టులోనూ గుర్తు రాలేదు.
ఎందుకంటే ఏం చెప్పను?
ఓ సాయంత్రం బస్సు తప్పిపోతుంటే వెంటపడ్డాను.
బస్సు దొరకలేదు.
ఆగాలనిపించలేదు.
అంతే.

మొదటి వారం కాలువ వంతెన దాకా.
రెండో వారం చేపల బజారు దాటి.
మూడో వారానికి ఉప్పు మడుల గట్టు మీదికి,
అటు తెల్లటి కుప్పలు,
ఇటు ఒంటికాలి మీద కునుకు తీసే ఫ్లెమింగోలు,
మధ్యలో నేను, ఆకుపచ్చ లేసుల కొత్త బూట్లు,
మడమ తిప్పకూడదన్న పంతం.

ఐదో కిలోమీటరు రాయి దగ్గర
నా మడమే నన్ను తిప్పి కూర్చోబెట్టింది.
అరికాలి మంట నిజంగానే నెత్తికెక్కి
బూటు విప్పి కాలువలోకి విసరబోయాను.
ధర గుర్తొచ్చి
మళ్లీ తొడుక్కున్నాను.

ఫిజియో గ్రసియెత్ బొటనవేలితో నొక్కి
"ఇక్కడేనా?" అంది.
సీలింగు చూస్తూ మరియమ్మ తల్లిని తలచుకున్నాను.
"రోజూ ఎంత పరిగెడతావు?"
"ఎంత వీలైతే అంత."
"ఎవరికి వీలైతే? ఊపిరికా, కాలికా?"
ఊపిరి చురుకైనదట, నెలలో నేర్చేసుకుంటుందట.
మడమకీ వేళ్లకీ మధ్య బిగించి కట్టిన ఆ పట్టీ మాత్రం
వెనక బెంచీ పిల్ల,
చెప్పిందే పదిసార్లు చెప్పించుకుంటుంది.
మానెయ్యమంటే ఏడ్చి మానేసేదాన్నేమో.
ఆమె సగానికి తగ్గించమంది.
అది ఇంకా కష్టం.

ఇప్పుడు మా ఫ్రీజర్‌లో సార్డీన్ల పక్కన
గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి, నా కాలిది.
రాత్రి టీవీ ముందు కూర్చుని
దాన్ని అరికాలి కింద దొర్లిస్తాను.
మా బెనెదీత ఓసారి మర్చిపోయి తాగబోయింది,
నేను వేసిన కేకకి పిల్లి సోఫా కిందికి దూరింది.
పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడతాను,
ఫ్లెమింగోలాగే,
కాకపోతే సింకు పట్టుకుని.

పరుగు లేని రోజుల్లో గట్టు మీద నడక.
అక్కడే ముసలి జుల్మీరు కలిశాడు,
ఉప్పు గోకడం మానేసి పదేళ్లయినా
మడుల దగ్గరికి రావడం మానలేదు.
నా కుంటుడు చూసి, అడక్కుండానే,
చెప్పు విప్పి తన పాదం చూపించాడు:
ఎండిన చెరువు అడుగులా నెర్రెలు.
"మొదటి ఏడు మా నాన్న నన్ను మడిలోకి దింపలేదు.
వట్టి తట్ట నెత్తిన పెట్టి గట్టు మీద తిప్పాడు.
కాళ్లు పిల్లలవి, ఉప్పు పెద్దది, అనేవాడు."
"రెండో ఏడు?"
"సగం తట్ట."
ఇంకేదో చెబుతాడనుకుని నిలబడ్డాను.
ఆ లేసులు ఎక్కడ కొన్నావని అడిగాడు.

ఇవాళ ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక,
అలా ఎనిమిది సార్లు.
నాలుగోసారి ఒక కుక్క నన్ను దాటిపోయింది.
ఆరోసారి
దాని యజమానురాలు, నడుస్తూ.
గాలి ఉప్పగా, నా వైపే వీచింది.
వేగం పెంచలేదు.
పెంచకుండా ఉండడానికి
పిడికిళ్లు బిగించాల్సొచ్చింది.

పెంకు ఇంకా ఉంది పొద్దున్నే.
కొంచెం చిన్నదయిందేమో, తెలీదు,
తొందరపడి నమ్మను ఈసారి.
దిగేముందు మంచం అంచున కూర్చుని
కాలివేళ్లు నా వైపు లాక్కుని
ముప్పై దాకా లెక్కపెడతాను.
ఇరవై రెండు దగ్గర ఎప్పుడూ తప్పుతుంది.
మళ్లీ ఒకటి నుంచి.