లాభం, రెండు, మూడు

ముప్పై రెండేండ్లు ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి.
కాంటా ముల్లు ఎటు వంగితే అటు మాట.
మొగిలయ్య తూకమేసినంక
పరకాల రైతు గూడ
బస్తా తిరిగి ఎత్తుమనకపోవు.

మిర్చి సీజన్ల గేటు దాటంగనే
అందరి కండ్లల్ల నీళ్లు.
హమాలీలు, సేట్లు,
మూతికి కొంగులు కట్టుకొని తాలు ఏరే ఆడోళ్లు
ఏడ్సుకుంటనే నవ్వేటోళ్లు.
ఓ యేడు మాఘంల
ఆయిన ఒక్కడే ఏడువలే.
"నీకు అలవాటైందే మొగిలన్నా" అన్నరు.
నేనూ గదే అనుకున్న.

చెయ్యి వణుకుడు తర్వాత వచ్చింది.
ముందుగాల పోయింది రెప్ప.

రెప్ప పోతే ఎవరికి ఎరుక?
పన్ను ఊడితే సందు కనబడతది.
రెప్ప ఉన్నకాన్నే ఉంటది,
పని మర్సిపోతది.

"నా సరుకును గట్ల గుడ్లురిమి చూస్తవేంది?"
గీసుగొండ పిలగాడు కొట్లాటకొచ్చిండు.
మనవడు నా ఎనుక దాగిండు, తాతకు కోపమొచ్చిందని.
కోపం కాదు బిడ్డా,
తాత మొకం మీద పనోళ్లు
ఒక్కొక్కలు నాగా పెడుతున్నరు.

కంటి దవాఖానల తబస్సుం మేడం
సన్నటి కాయితం పట్టీ కింది రెప్పకు తగిలించి
గడియారం చూసింది.
ఐదు నిమిషాలకు తడిసింది గోరంత.
"నిమిషానికి పదిహేను సార్లు పడాలె రెప్ప.
ఈయనకు మూడో, నాలుగో."
అందుకే మంట, మసక,
కంట్లె ఇసుక పోసినట్టుందనుడు,
పొద్దుగాల పుసి కట్టి తెరుసుకోకపోవుడు.
"మరి గాలికి నీళ్లెందుకు కారుతయి మేడం?"
"ఎండిన కన్నే ఎక్కువ కారుతదమ్మా."

వాళ్ల అన్న సచ్చిపోయిన్నాడు
పాడె ముంగట చుక్క రాలలే.
పాలోళ్లు మొకాలు మొకాలు చూసుకున్నరు.
తిరిగొస్తుంటే ఆటోల,
కాజీపేట బ్రిడ్జి మీద గాలి కొట్టినప్పుడు
బుగ్గల మీదికెల్లి ధారలు.
"ఇప్పుడు యాదికొచ్చినట్టున్నడు అన్న"
అన్నది ఆడిబిడ్డ.
నేను నోరు మెదపలే.
ఏ చుక్క గాలిది, ఏ చుక్క అన్నది,
ఎవరు తూకమేస్తరు?

దేవుళ్లకు రెప్ప పడదంటరు.
అట్లనే గుర్తుపట్టాల్నంట వాళ్లను.
మా ఇంట్ల దేవుడు
లుంగీ సగం ఊడుతుంటే మంచంపట్టె పట్టుకొని లేస్తడు,
గడప కానక బొటనేలు కొట్టుకొని
నన్ను తిడతడు.

నిద్రల గూడ కండ్లు పూర్తిగ మూయడు.
సందుల నుంచి తెల్లగ కనబడతది.
మొదట్ల దడుసుకునేదాన్ని,
మెలకువతో ఉన్నడేమోనని ముచ్చట గూడ పెట్టిన.
ఇప్పుడు లేపనం రాసి
రెండేండ్లతో రెప్పల్ని కిందికి జరుపుత,
రాత్రి దుకాణం షటర్ దించినట్టు.

చుక్కల మందు తానే ఏసుకుంటనంటడు.
సీసా వణుకుతది, తలకాయ వణుకుతది,
ఒక చుక్క ముక్కు మీద, ఇంకోటి మీసాల.
"దండుగ" అని నేను గుంజుకుంట.
కంటికి రెప్పోలె చూసుకోమని
అప్పగింతలప్పుడు మా అమ్మ ఆయినకు చెప్పింది.
పాపం, ఆమెకేం తెలుసు.

వేడి గుడ్డ కాపు అయినంక
రెప్పలు కొట్టిపిస్త. మేడం చెప్పిన కసరత్తు.
"ఊఁ, ఒకటి" అన్న మొదటి రోజు.
ఆయిన మొకంల ఏదో కదిలింది,
నవ్వో, యాష్టో, చెప్పలేను.
"ఒకటంటరా ఎవరన్న?
లాభం."

గప్పటి సంది గట్లనే.
లాభం.
రెండు.
కుక్కర్ కూత పెడతది.
ఎదురింటోళ్లు మోటరు బంద్ చేస్తరు.
మూడు.

నిన్న పదకొండు దాక వచ్చినం.
గంతల్నే పాలాయన పిలిచిండు, నేను లెక్క తప్పిన.
ఆయిన అటే చూసుకుంట,
సగం మాట గొంతులనే మింగి
"తిరిగి ఎత్తు" అన్నడు.

ముప్పై రెండేండ్లల్ల
ఒక్క బస్తా తిరిగి ఎత్తనియ్యని మనిషి.

లాభం.